ఎండు రొయ్యల డబ్బాలో నా మొదటి సినిమా

మా పెద్దమ్మ ఎండు రొయ్యలు పోసుకునే డబ్బా మీద నా పేరుంది. చెన్నై ల్యాబులో ఎవరో కుర్రాడు తెల్లరంగుతో గబగబా రాసిన అక్షరాలు. పైన సినిమా పేరు, దాని కింద దర్శకుడి పేరు, దాని కింద నాలుగో రీలు అని. గుండ్రటి రేకు డబ్బా, మూత బిగుతుగా పడుతుంది, చీమ దూరదు, చెమ్మ దూరదు. పెదనాన్న సంవత్సరీకానికి జాలరిపేట వెళ్లినప్పుడు వంటింటి గట్టు మీద కనిపించింది. మూత తీస్తే నా యవ్వనం వాసన కొడుతుందనుకున్నాను. రొయ్యల వాసన కొట్టింది.

"ఇందులో రీలుండాలి కదా పెద్దమ్మా?"

"ఏ రీలు?"

"నా సినిమా. నువ్వు యాక్ట్ చేసిన సినిమా."

"అదా! సుట్ట సుట్టి అటక మీద పడీసినాను. దానికి డబ్బా ఎందుకు, తింటామేటి దాన్ని?" అంది పెద్దమ్మ. "రొయ్యలు మట్టుకు సూడు. వానాకాలం ఎల్లిపోనాది, ఒక్కటీ మెత్తబళ్లేదు."

నా సినిమా గురించి ఇంత సూటిగా రాసిన విమర్శకుడు నాకింతవరకు తగల్లేదు. అటకెక్కి చూశాను. రీళ్లు పాత వలల మధ్య వలల్లాగే పడి ఉన్నాయి. పుల్లటి వాసన. ఫిల్ము చచ్చిపోయేటప్పుడు అలా పులుస్తుందని తెలిసినవాళ్లు చెబుతారు. వాటి కోసం ఢిల్లీ నుంచి అనన్య అనే అమ్మాయి వారం నుంచి ఫోన్లు చేస్తోంది. ఏదో ఉత్సవంలో "కనుమరుగైన చిత్రాలు" అని ఒక విభాగం పెడుతున్నారట. "నా సినిమా కనుమరుగవలేదమ్మా, ఎవరి కంటా పడలేదు, రెండూ వేరు" అన్నాను. ఆ అమ్మాయి "బ్యూటిఫుల్ సార్" అని రాసుకుంది. నేను విసుక్కున్నా రాసుకుంటుంది. పదేళ్ల కిందట ఇలాంటివాళ్లు ఒక్కరు దొరికి ఉంటే ఈపాటికి నేను అందరికీ విసుగు పుట్టించేంత గొప్పవాణ్ని అయి ఉండేవాణ్ని.

ఈ కథ అర్థం కావాలంటే ముందు మా నాన్న నిద్ర గురించి చెప్పాలి. మా నాన్న మా వంశంలో సముద్రం పడని మొదటి మగాడు. బోటెక్కితే రేవు దాటకముందే వాంతులు. అన్నదమ్ములిద్దరిలో పెద్దాయన, అంటే మా ఎల్లాజీ పెదనాన్న, బోటుకి యజమాని అయ్యాడు. చిన్నాయన స్టీల్ ప్లాంటులో చేరి వన్ టౌన్‌లో ఒక ఇరుకు సందులో ఇల్లు తీసుకున్నాడు. షిఫ్టు డ్యూటీ. రాత్రంతా కొలిమి దగ్గర మాడి, పొద్దున్నే కంపెనీ బస్సు దిగి, గంజన్నం తాగి పడుకునేవాడు. ఆయన పడుకున్నాక మా ఇల్లు దొంగల ఇల్లులా నడిచేది. అమ్మ రోట్లో గుడ్డ పరిచి దంచేది. కుక్కరు కూత పెట్టబోతుంటే గరిటె కాడతో వెయిట్ ఎత్తి ఆవిరి వదిలేది. సందులో కూరలమ్మే మనిషి మా గుమ్మం ముందుకొచ్చేసరికి గొంతు తగ్గించి, దాటాక మళ్లీ "వంకాయలమ్మా" అని అందుకునేది. మా ఇంట్లో ఎవరికీ కోపం వచ్చేది కాదని చుట్టాలు మెచ్చుకునేవారు. వచ్చేది, గుసగుసగా వచ్చేది. నేను ఉద్యోగం చెయ్యను, సినిమా తీస్తాను అని గుసగుసగానే ప్రకటించాను. మా నాన్న మంచం మీద లేచి కూర్చుని గుసగుసగానే తిట్టాడు. ఏ సినిమాలోనైనా అది పెద్ద సీను. మా ఇంట్లో పక్క వాటావాళ్లకి కూడా వినపడలేదు.

అలాంటి ఇంట్లో ఫోనెలా ఉంటుంది? "పోనంటే సంటిగుంట లాంటిది. ఎప్పుడేడుత్తాదో తెలీదు" అని మా నాన్న పెట్టనివ్వలేదు. అందుకని నా సినిమాకి సంబంధించిన ప్రతి కాగితం మీదా పెదనాన్న ఇంటి ఫోన్ నంబరే ఇచ్చాను. ఇది చిన్న సంగతే. కానీ నా సినిమా మునిగింది ఈ చిల్లులోంచే.

పెదనాన్న ఇల్లు మా ఇంటిని పూర్తిగా తిరగేసినట్టుండేది. అక్కడ ఎవరూ నెమ్మదిగా మాట్లాడరు, సముద్రం మాట్లాడనివ్వదు. గుమ్మంలోకి రాగానే డీజిలు, ఉప్పు, ఎండుతున్న చేప, పెద్దమ్మ చుట్ట. పెద్దమ్మ అడ్డపొగ తాగుతుంది, నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని. చిన్నప్పుడు అది చూసి, కోపమొస్తే నోట్లోంచి నిప్పులు కురుస్తాయంటే నిజమేననుకున్నాను. పొద్దున్నే అరుగు మీద కూర్చున్న పెదనాన్నకి ఎవరు ఏ వస్తువు తెచ్చి చూపించినా ఆయనది ఒకటే ప్రశ్న. "ఇంట్లో వండీసినారా?" చేప తెచ్చినా, పెళ్లి సంబంధం తెచ్చినా అదే ప్రశ్న. ముందు మనవాళ్లు తిని బాగుందనాలి, తరవాతే బయటికి. హార్బరులో వేలంపాట దగ్గర కొనేవాళ్లతో కూడా అదే చెప్పేవాడు. "మా ఇంట్లో ఇదే కూర, కావలిత్తే వచ్చి సూసుకోండి." ఆ మాటకి మించిన గ్యారంటీ ఆ రేవులో లేదు.

కొత్త బోటు గానీ కొత్త వల గానీ మొదటిసారి సముద్రంలోకి వెళితే, ఆ వేటలో పడ్డది అమ్మరు. ఒడ్డున పెద్ద పెద్ద గుండిగల్లో వండి పేటంతా తింటారు. పలకరింపులు లేనివాళ్లు కూడా ఆ పూట పక్కపక్కన కూర్చుంటారు. కుక్కలు సరేసరి. ఆ తరవాతే హార్బరు, వేలం, డబ్బు. మొదటి వేట అమ్ముకున్నవాడి బోటు ఏమవుతుంది అని పెదనాన్నని ఒకసారి అడిగాను. "ఏటీ అవదు. అలగటోడు ఇంతవరకూ పుట్లేదు కదా" అన్నాడు.

నా సినిమా కథ ఒక చేపలమ్మే మనిషి గురించి. తెల్లారి రేవులో చేపలు కొని, బుట్ట నెత్తినెట్టుకుని, కొండవాలు సందులెక్కి అమ్ముకుని, సాయంత్రం ఇంటికి చేరుతుంది. ఆ రోజే మొగుడి బోటు రావాల్సి ఉంటుంది. హైదరాబాదులో ఒక నిర్మాత శ్రద్ధగా విన్నాడు.

"తరవాతేమవుతుంది?" అన్నాడు.

"సాయంత్రమవుతుందండీ."

"అప్పుడు?"

"ఇంటికెళుతుంది."

ఆయన టీ చెప్పాడు. ఒకటే చెప్పాడు. ఆ తరవాత మంచి సినిమాలకి అప్పిచ్చే ఒక కమిటీ ముందు కూర్చున్నాను. అందులో ఒక పెద్దాయన నా స్క్రిప్టు తిరగేసి, "మీ యాస హాస్యానికి బాగుంటుంది. బాధ పడే సీన్లలో మాత్రం మంచి తెలుగు పెట్టండి" అన్నాడు. మా పెద్దమ్మ ఏ తెలుగులో ఏడవాలో ఆ కమిటీ తేల్చలేక వచ్చే సమావేశానికి వాయిదా వేసింది. ఆ సమావేశం ఇంకా జరగలేదనుకుంటాను, కబురు రాలేదు. చివరికి వన్ టౌన్‌లోనే ఒక ఇంగువ హోల్‌సేలు షావుకారు ముందుకొచ్చాడు. సినిమాలో ఆవిడ పులుసు కాచేటప్పుడు ఆయన బ్రాండు డబ్బా కనపడాలి, అంతే. "మావాళ్లు చేపల పులుసులో ఇంగువ వెయ్యరండీ" అన్నాను. బేరం అక్కడితో తెగింది. సందు చివరికి వచ్చాక గానీ తట్టలేదు, వేస్తారని చెబితే ఏం పోయేదని. అబద్ధం అక్కరకొచ్చేచోట సరిగ్గా నిజం చెప్పడం మాకు వంశపారంపర్యమని అప్పటికింకా తెలీదు.

ఆ సాయంత్రం పెదనాన్న అరుగు మీద కూలబడ్డాను. వల చీలిక కుట్టుకుంటూ అడిగాడు.

"ఏటిరా, మొకం అలగెట్టుకున్నావ్? ఎవులైనా పోనారేటి?"

"నా సినిమా పోయింది."

అంతా విన్నాడు. సూది ఆపలేదు. "మీ సినిమాకి బోటేటి?" అన్నాడు.

"బోటుండదు పెదనానా."

"ఎందుకుండదు? ఏటకి దేని మీద ఎల్తారు?"

ఆలోచించి "కెమెరా" అన్నాను.

"వలో?"

"ఫిల్ము."

"ఐసు?"

"ఐసెందుకు?"

"పడ్డ సరుకు పాడైపోదేటి?"

"ల్యాబు" అన్నాను. నాకూ సరదా పుట్టింది.

"సరంగెవుడు?"

బోటు నడిపించేవాణ్ని సరంగంటారు. "నేనే" అన్నాను.

"నీకు ఈతొచ్చేటి?"

"రాదు."

"మీ బాబుకీ రాదు" అని నిట్టూర్చి దారం తెంపాడు. "సరే. బోటుకి డబ్బులు ఎలగ ఎడతామో దీనికీ అలగే ఎడదాం. ఏట పడితే ముందు కర్సులు తీసీడం, మిగిల్నదాన్లో బోటుకి సగం, బోటెక్కీ కళాసీలకి సగం. పడకపోతే ఎవుడూ ఎవుడ్నీ అడగడు. నాను మరో నలుగుర్ని పిలుత్తాను."

ఇంత పెద్ద ఆర్థిక ఒప్పందం ఒక్క సంతకం లేకుండా చుట్ట ఆరేలోగా ముగిసిపోయింది. ఆ నలుగురు బోటు యజమానులకీ సినిమా కథేమిటో ఎవరూ చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. "ఎల్లాజీ కొడుకు ఏటకెల్తన్నాడంట" అని మాత్రమే వాళ్లకి చేరింది. నేను తమ్ముడి కొడుకునన్న తేడా కూడా ఎవరూ పట్టించుకోలేదు. నాకు మాత్రం ఒక సంగతి తెలుసు. పెదనాన్న బోటుకి ఇంజను మార్చాల్సిన ఏడాది అది. దాచుకున్నది దానికోసమే. "ఇంజనుదేటుంది, ఇంకో ఏడు దగ్గుకుంటా నడుత్తాది" అని నా చేతిలో పెట్టాడు. ఆ రోజు నుంచి నా సినిమా అంటే నాకు కళ కాదు, పెదనాన్న బోటు ఇంజను. అది తిరిగి రావాలి. దగ్గు ఆగిపోకముందే రావాలి.

షూటింగు గురించి చెప్పుకోడానికి పెద్దగా లేదు. సీతమ్మధార నుంచి శీను అని నా స్నేహితుడు, పెళ్లి వీడియోల్లో చెయ్యి తిరిగినవాడు, కెమెరా పట్టాడు. హీరోయిన్ పెద్దమ్మ. ఆవిడకి నటన రాదు, అందుకే బాగా చేసింది. ఒక్కటే చిక్కు, రెండో టేకు ఒప్పుకునేది కాదు. "ఓసారి ఏడిసినాను కదేటి, మళ్లా ఏటి? సూసుకోవాల్సింది అప్పుడే" అనేది. శీను నా వైపు తిరిగి "బావా, ఫోకస్ పోయిందిరా" అని ఏడుపుమొహం పెట్టేవాడు. సినిమాలో అన్నీ ఒకే టేకులు, సగం మసక. అదొక శైలి అని తరవాత ఒకాయన వ్యాసం రాశాడు. ట్రాలీ తాడు లాగింది పేట కుర్రాళ్లు, అన్నం వండింది పేట ఆడాళ్లు, వానొస్తే కెమెరా మీద బోటు టార్పాలిన్ పట్టింది ముసలాళ్లు, జనంలా కనపడ్డది అందరూ. జాలరిపేటలో ఈ సినిమాకి పని చెయ్యనివాడంటూ ఉంటే వాడు ఆ వారం ఆస్పత్రిలో ఉండి ఉంటాడు.

తరవాత పండగలు. మేం ఫిల్మ్ ఫెస్టివల్‌ని పండగనే అనేవాళ్లం. పెద్దమ్మ "పండగంటే పేట పండగా, పట్నం పండగా?" అని అడిగేది. వీడియో క్యాసెట్లు పార్సిల్ కట్టి ప్రపంచంలో చిరునామా ఉన్న ప్రతి పండక్కీ పంపాను. "మీ చిత్రంలోని నిజాయితీ మమ్మల్ని కదిలించింది, అయితే" అని జవాబులొచ్చేవి. "అయితే" అన్న మాటని నేనంతగా ద్వేషించింది ఆ రోజుల్లోనే. చివరికి మన దేశంలోనే ఒక పెద్ద ఉత్సవంలో మొదటి సినిమాల పోటీకి తీసుకున్నారు. ఆ పోటీలో ఉన్న సినిమాలన్నీ చూసి కొనడానికి విదేశీ టీవీ ఛానెల్ మనిషి ఒకాయన వస్తున్నాడు. పోటీలో ఉన్నవే చూస్తాడు, మిగతావి చూడడు. ఆయన కొన్నాడా, ఇంజనొచ్చేసినట్టే. ఒక్కటే నిబంధన, అంతకుముందు ఆ సినిమా ఎక్కడా జనానికి చూపించి ఉండకూడదు.

ల్యాబు నుంచి ప్రింటు డబ్బాలు తీసుకుని నేను రైలు దిగేసరికి పెదనాన్న ఒడ్డున గుండిగలు తోమిస్తున్నాడు.

"ఇదేటి పెదనానా?"

"మొదటి ఏట కదేటి. రేపు పేటకి సూపిత్తాం, తిండెడతాం. ఆ మూసీసిన సినిమా హాల్లో పాత మిసను అడిగీసినాను."

నిబంధన చెప్పాను. విడమరిచి చెప్పాను.

"ఎవులికీ సూపించొద్దంటే, మనోళ్లకో?"

"మనోళ్లకి కూడా."

ఆయన డబ్బాల వంక చూశాడు. "మనోళ్లు తినకుండా ఊరోళ్లకి అమ్మడమేటిరా? ఆ కొనీవోడికి అనుమానం రాదేటి?" అన్నాడు. కోపంగా అనలేదు. నేను రైల్లో ఎక్కడో జబ్బు పడి వచ్చాననుకున్నట్టు అన్నాడు.

టెలిఫోన్ బూతుకి పరిగెత్తాను. ఉత్సవం ఆఫీసులో ఒకావిడ దొరికింది. నటీనటులకీ, సాంకేతిక సిబ్బందికీ చూపించుకోవచ్చు, అది ప్రదర్శన కిందికి రాదు అంది. "సిబ్బంది ఎంతమంది ఉండొచ్చండీ?" అన్నాను. "మీకెంతమంది ఉంటే అంతమంది" అని నవ్వింది. ఆవిడకి జాలరిపేట తెలీదు. బూతు అద్దంలోంచి ఒడ్డు వైపు చూశాను. తాడు లాగినవాళ్లు, వండినవాళ్లు, టార్పాలిన్ పట్టినవాళ్లు, జనంలా కనపడ్డ జనం. మా పేట పేటంతా సాంకేతిక సిబ్బందే. ఎక్కడా అబద్ధం లేదు.

మర్నాడు చీకటి పడగానే వేశాం. షామియానావాడి తెల్లబట్ట కలిపి కుట్టి రెండు బోట్ల మధ్య కట్టాం. సముద్రపు గాలికి తెర తెరచాపై పోయింది. పెద్దమ్మ మొహం ఉబ్బేది, మళ్లీ పీక్కుపోయేది. నా ఫ్రేమింగులన్నీ గాలి చేతుల్లోకి పోయాయి. కుర్రాళ్లు తాళ్లు పట్టుకుని తెరని ఆపుతూ, తమ మొహం వచ్చినప్పుడు తాడొదిలి చప్పట్లు కొట్టేవారు. "ఓలమ్మ, అది నా సీరే! ఎప్పుడట్టుకెల్లిపోనావే నూకాలూ?" అని ఒకావిడ పెద్దమ్మ మీదికి లేచింది. పెద్దమ్మ బుట్ట దించి బేరమాడే సీనులో తెర మీద ధర సరిపోలేదని ముసలమ్మలు గోల. "అంతకిచ్చీకే! ఎల్లిపో, ఎల్లిపో, పై సందులో కొంటారు!" చివర్లో ఆవిడ ఒడ్డున నిలబడి బోటు కోసం చూస్తుంది, బోటు రాకుండానే సినిమా అయిపోతుంది. నేను ఎంతో తర్జనభర్జన పడి పెట్టుకున్న ముగింపు అది. తెర తెల్లబడ్డాక ఒక్కడు కూడా లేవలేదు. బోటొచ్చేదాకా కూర్చుందామని కూర్చున్నారు. పెదనాన్న లేచి "ఇంకేటీ లేదు, తినండి" అని అరిచాడు. అప్పుడు లేచారు. కొందరు కళ్లు తుడుచుకుంటున్నారు. పొయ్యి పొగ అని నేను అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటే కొంచెం సుఖం.

రెండ్రోజులాగి నేను ప్రింటు పార్సిలు చెయ్యడానికి స్టేషన్లో ఉండగా పెదనాన్న ఇంటికి ఫోనొచ్చింది. ఉత్సవం ఆఫీసులో తెలుగొచ్చిన గుమాస్తా. వివరాలు సరిచూసుకోడానికి చేశాడు. సినిమా ఇదివరకు ఎక్కడైనా చూపించారా అని అడిగాడు. కొనేవాడి మనిషి సరుకు గురించి అడుగుతుంటే మా పెదనాన్న ఏం చెబుతాడు? నలభై ఏళ్లుగా వేలంలో ఏం చెబుతున్నాడో అదే చెప్పాడు. "సూపించకుండా ఎలగుంటామండీ? పేటంతా సూసింది. పక్క పేటలోళ్లు కూడా వచ్చినారు. ఏలమంది. సూసినోళ్లంతా బాగుందన్నారు. మీకేటీ అనుమానం అక్కర్లేదు."

నాకీ సంగతి ఆఫీసావిడ చెప్పింది, నేను ఫోన్ చేసినప్పుడు. "వేలమంది సిబ్బందా?" అంది. అవునన్నాను. పక్క పేటలవాళ్లు ఏం పని చేశారని అడిగింది. తెర పట్టుకున్నారన్నాను. ఆవిడకి నవ్వు రాలేదు. పోటీలోంచి తీసేశారు. పొద్దున్న తొమ్మిదింటికి, విడిగా ఒక ఆట ఇచ్చారు. ఆ హాల్లో సినిమాకని వచ్చినవాళ్లు చలికి ఆగలేక లేచి వెళ్లిపోతుంటే, ఏసీ కోసమే వచ్చినవాళ్లు నిద్రపోయారు. చివర్లో ఒకాయన లేచి, యాస వాడడంలో నా రాజకీయ ఉద్దేశమేమిటని అడిగాడు. "మా పెద్దమ్మకి ఇంకో భాష రాదండీ" అన్నాను. టీవీ ఛానెల్ మనిషి ఆ వేళకి టిఫిను చేస్తున్నాడు. అద్దంలోంచి నాకు కనపడ్డాడు కూడా.

తిరిగొచ్చి పెదనాన్నకి ఏం చెప్పాలి? నీ నోటి మాటే నీ ఇంజనుని ముంచేసిందని చెప్పాలా? "వాళ్లకి నచ్చలేదు" అన్నాను. ఆయన తలూపాడు. "ఈపాలి ఏట పళ్లేదు. పడనప్పుడు పడదు" అన్నాడు. మిగతా నలుగురూ అదే మాటన్నారు. ఒక్కడైనా కాలరు పట్టుకుంటే ఎంత హాయిగా ఉండేదో. ఒప్పందం ప్రకారం ఎవరూ ఏమీ అడగలేదు. ఇంజను మాత్రం అడుగుతూనే ఉండేది. తెల్లారగట్ల రేవులో అన్ని బోట్లలోకీ దాని దగ్గు నాకు విడిగా వినపడేది. ఇంకో రెండేళ్లు దగ్గి, ఒకరోజు నడిసముద్రంలో ఆగింది. వేరే బోటు కట్టి లాక్కొచ్చింది. పెదనాన్న బోటు అమ్మేశాడు. తరవాత కూడా రోజూ వేలానికి వెళ్లేవాడు, ఊరికే నిలబడడానికి. నేను ఫ్యాక్టరీలకి భద్రతా చిత్రాలు తీసుకుంటూ బతికాను. తలకి టోపీ పెట్టుకోండి, బూట్లేసుకోండి. నా సినిమాల్లో ఎక్కువమంది చూసినవి అవే. ఈ మధ్య బీచిలో ఎవరో తెర కట్టి, చుట్టూ కంపెనీ బ్యానర్లు కట్టి, "సముద్రతీరంలో తొలి ప్రదర్శన" అని కరపత్రాలు పంచారు. ఏదో ఉత్సవం పోటీలో ఉన్న సినిమాయేనట. ఇప్పుడలా చూపించడం గొప్పట. నిబంధనలు మారాయట. నేను వేరుసెనక్కాయలు కొనుక్కుని వెనక నిలబడి చూశాను. వాళ్ల తెర గాలికి కదల్లేదు.

ఇన్నేళ్లూ నాకున్న ఊరట ఒకటే. పెదనాన్నకి తెలీదు. అమాయకుడు, తెలియక అన్నాడు, ఆ బరువు లేకుండా పోయాడు. దాన్ని నేను మోశాను. ఇది నాలో నాకు నచ్చే ఏకైక గుణం.

మొన్న అటక దిగి వచ్చి దుమ్ము దులుపుకుంటుంటే పెద్దమ్మ రొయ్యలు ఏరుతూ అడిగింది.

"ఆ డిల్లీ పిల్ల మళ్లా పండక్కి అడుగుతందన్నావ్. మనం సూసీసినాం కదరా, పనికొత్తాదేటి మరి?"

"చూస్తే పనికిరాదని నీకెవరు చెప్పారు?"

"మీ పెదనానకి ఆ పోను సేసినోడే సెప్పినాడు కదా. మంచోడు పాపం. ‘అయ్యో బాబూ, అలగనీసినారేటి, పోటీలోంచి తీసేత్తారు. నాను మళ్లా అడుగుతాను, సూపించలేదని సెప్పండి, అదే రాసుకుంటాను’ అన్నాడు."

"మళ్లీ అడిగాడా?"

"అడిగినాడు."

"పెదనాన్న?"

"సూపించినామనే సెప్పినాడు." పెద్దమ్మ ఒక పుచ్చు రొయ్య తీసి పక్కన పడేసింది. "పోనెట్టీసి నా ఏపు తిరిగినాడు. ‘మనోళ్లకెట్టకుండా అమ్ముతన్నామని నా నోటితో ఎలగ సెప్పీదే నూకాలూ, బోటు మీద ఉమ్మీసినట్టుంటాది’ అన్నాడు. నీకు సెప్పొద్దన్నాడు. నువ్వొచ్చి ఆళ్లకి నచ్చలేదన్నావు సూడు, ఆ రాత్రి నవ్వినాడు. ‘ఆడు నన్ను కాసుకుంటన్నాడే. కాసుకోనీ’ అన్నాడు."

అమాయకుడి మీద జాలిపడడం తేలిక. తెలిసే ఇంజను సముద్రంలో పారేసినవాడి మీద ఏం పడాలి? అది నా సినిమా కూడా కదా, ఒక్కమాట నన్నడిగితే ఏం పోయింది? అడిగి ఉంటే నేనేం చెప్పేవాణ్నో ఆయనకి తెలుసు, అందుకే అడగలేదు. పదేళ్లుగా నేను మోస్తున్న బరువుని అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తూ చూశాడన్నమాట ఆ పెద్దమనిషి. ఒక్కసారి, జీవితంలో ఒక్కసారి, గొంతు చించుకుని అరవాలనిపించింది. గోడ మీద దండేసిన ఫోటో వైపు తిరిగి నోరు తెరిచాను. పక్క గదిలో, అన్న సంవత్సరీకానికి వచ్చి పడుకున్న మా నాన్న గురక. రిటైరై ఎన్నాళ్లో అయింది, నిద్ర మాత్రం ఇంకా షిఫ్టుల్లోనే ఉంది. పెద్దమ్మ పెదాల మీద వేలు పెట్టింది.

అప్పుడే జేబులో ఫోను మోగింది. అనన్య. నాన్న లేస్తాడని బిక్కచచ్చిపోయి పచ్చ బటను నొక్కాను.

"సార్, ప్రోగ్రాంలో వెయ్యడానికి ఒక్క విషయం. ఈ ఫిల్మ్ ఇంతకుముందు ఎక్కడైనా పబ్లిక్‌కి చూపించారా? లేదంటే మా దగ్గరే మొదటిసారి అని వేసుకుంటాం. అలాగైతే మాకు బాగుంటుంది" అంది. గొంతులో ఆశ తెలుస్తోంది. మంచి పిల్ల.

"చూపించాం" అన్నాను గుసగుసగా.

"సార్? వినపడట్లేదు. చూపించలేదా?"

వీధిలోకి వచ్చాను. ఎదురుగా రేవు. ఏదో బోటు దగ్గుతోంది.

"సూపించాం!" అని అరిచాను. "పేటంతా సూసింది! పక్క పేటలోళ్లు కూడా వచ్చినారు! ఏలమంది!"

లోపల మంచం కిర్రుమంది. గురక ఆగింది. కిటికీలోంచి పెద్దమ్మ గొంతు, పేటంతా వినపడేలా:

"లేపీసినావేటిరా ఆడ్ని!"